వేళ్ల కొలతతో ఆడా మగా తేల్చడం: అందులో శాస్త్రమెంత, అంచనా ఎంత

రోజూ పేపర్లో జిల్లా పేజీ అడుగున ఒక చిన్న వార్త కనిపిస్తుంది. కాలువలో గుర్తు తెలియని మృతదేహం. వయసు సుమారు ఇంత, ఎత్తు సుమారు ఇంత, ఒంటి మీద ఫలానా రంగు బట్టలు. శవం నిండుగా వుంటే ఆడా మగా అన్నది ప్రశ్నే కాదు. ముక్కలుగా దొరికినప్పుడు, కుక్కలూ నక్కలూ పీక్కుతిన్నప్పుడు, రైలు కింద పడి చెల్లాచెదురైనప్పుడు, ఫ్యాక్టరీ పేలుడులో ఒక్క చెయ్యే మిగిలినప్పుడు మాత్రం మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. ఈ చెయ్యి మగవాడిదా, ఆడమనిషిదా?

మొదట అదే ఎందుకు? తప్పిపోయినవాళ్ల జాబితా పోలీసుల దగ్గర వుంటుంది. చెయ్యి ఆడమనిషిదని తేలితే ఆ జాబితాలో మగవాళ్ల పేర్లన్నీ పక్కకు పోతాయి. వెతకాల్సిన పని దాదాపు సగానికి తగ్గుతుంది. అంతే కాదు, ఎముక పొడవును బట్టి మనిషి ఎత్తు లెక్కగట్టే సూత్రాలు ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. ఆడా మగా దగ్గర తప్పితే ఎత్తు దగ్గర కూడా తప్పుతాం. తప్పిపోయిన కొడుకు కోసం స్టేషన్ చుట్టూ తిరిగే తల్లికి 'అది ఆడమనిషి చెయ్యంట, మీవాడిది కాదు, పో' అని చెప్పి పంపేస్తారు. ఆమె మళ్లీ ఆ శవం ఊసెత్తదు. ఎత్తే దారీ ఆమెకు వుండదు. ఈ వ్యాసంలో మేం మాట్లాడేది ఆ మొదటి అడుగు గురించి, అందులోనూ వేళ్ల పొడవు కొలిచి ఆడా మగా చెప్పే పద్ధతి గురించి.

ఇట్లాంటి పొరపాటు మా ఊహ కాదు. 1935 సెప్టెంబరు 29న స్కాట్లాండులో మాఫట్ అనే ఊరి దగ్గర వాగులో మూటలు కట్టిన శవాల ముక్కలు దొరికాయి. శవాలు రెండు. చంపినవాడికి కత్తి పట్టడం తెలుసు. ముఖాల మీద ఆనవాళ్లు కోసేశాడు. మొదట్లో రెండింటిలో ఒకటి మగవాడి శవమని అనుకున్నారు, పేపర్లు కూడా అట్లాగే రాశాయి. హంతకుడి ఇంట్లోంచి మాయమైనవాళ్లు ఇద్దరూ ఆడవాళ్లే. కాబట్టి ఆ వార్త అతనికి బాగా పనికొచ్చింది. చూశారా, ఆ శవాలు మావాళ్లవి కావు అని చెప్పుకునే వీలు దొరికింది. తర్వాత గ్లాస్గో, ఎడింబరో విశ్వవిద్యాలయాల ఆచార్యులు జాన్ గ్లైస్టర్, జేమ్స్ బ్రాష్ ముక్కలన్నీ పేర్చి చూసి రెండూ ఆడశవాలేనని తేల్చారు. బొంబాయిలో పుట్టి లాంకాస్టర్‌లో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ బక్ రక్స్టన్ తన భార్య ఇసబెల్లాను, పిల్లల ఆయా మేరీ రోజర్సన్‌ను చంపాడని రుజువైంది. 1936 మే 12న మాంచెస్టర్‌లో ఉరి తీశారు. ఇందులో మాకు ముఖ్యంగా తోచిన విషయం ఒకటుంది. ఒక శవం చేతులకు వేళ్ల కొసలు కోసేసిన ఆ డాక్టరు, రెండో శవం చేతులను అట్లాగే వదిలేశాడు. అవి పనిపిల్ల చేతులు. ఆ ఇంట్లో ఆమె రోజూ తుడిచి సర్దిన సామాన్ల మీద ఆమె వేలిముద్రలు వున్నాయి. అవీ ఇవీ కలిశాయి. యజమానిని పట్టించిన సాక్ష్యాల్లో ఆ చేతులు కూడా వున్నాయి.

ఇప్పుడు పద్ధతి దగ్గరికి వద్దాం. అరచేయి పైకి వుండేట్టు చేతిని బల్ల మీద చాపుతారు. వేళ్లు వంగకుండా, దగ్గర దగ్గరగా పెడతారు. వేలి మొదట్లో, అరచేతితో కలిసే చోట వుండే ముడత నుంచి వేలి కొస దాకా కొలుస్తారు. గోరు లెక్కలోకి రాదు. మొదట్లో రెండు ముడతలుంటే అరచేతికి దగ్గరగా వున్నదాన్ని తీసుకుంటారు. స్కేలుతో కాదు, వర్నియర్ క్యాలిపర్‌తో, మిల్లీమీటరులో పదో వంతు దాకా చూస్తారు. చూపుడు వేలి పొడవును ఉంగరపు వేలి పొడవుతో భాగిస్తే వచ్చేదే వేళ్ల నిష్పత్తి. సగటున మగవాళ్లకు చూపుడు వేలి కంటె ఉంగరపు వేలు కొంచెం పొడవు, అందుకని నిష్పత్తి ఒకటి కంటె తక్కువ. ఆడవాళ్లకు రెండూ దాదాపు సమానం, నిష్పత్తి ఒకటికి దగ్గర.

ఇది చదువుతున్నవాళ్లలో సగం మంది ఈపాటికి చెయ్యి చాపి చూసుకుంటూ వుంటారు. చూసుకోండి, కానీ చెయ్యి వెనక వైపు నుంచి చూస్తే ఒకరకంగా, అరచేతి వైపు నుంచి కొలిస్తే ఇంకోరకంగా వస్తుంది. మణికట్టును కొంచెం పక్కకు తిప్పితే ఉంగరపు వేలు పొట్టిగా కూడా కనబడుతుంది. కంటిచూపుతో తేలే వ్యవహారం కాదిది. తరగతిలో ఆడపిల్లలకు ఉంగరపు వేలు పొడుగ్గా వుంటే మిగతావాళ్లు ఎగతాళి చేయకుండా ఉపాధ్యాయులు చూసుకోవాలి. ఆ ఎగతాళికి శాస్త్రంలో చోటు లేదని కిందికి పోతే తెలుస్తుంది.

ఆడా మగా మధ్య ఈ తేడాను జర్మన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఎకర్ 1875లోనే రాశాడు. తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1998లో ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మానింగ్, ఆయన తోటివాళ్లు ఈ నిష్పత్తికీ పుట్టకముందు కడుపులో బిడ్డకు అందే హార్మోన్లకూ సంబంధం వుందని వాదించిన తర్వాత ప్రపంచమంతా వేళ్లు కొలవడం మొదలుపెట్టింది. 2011లో అమెరికాలో జెంగ్, కోన్ అనే ఇద్దరు ఎలుక పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, కాలివేళ్లు తయారయ్యే దశలో టెస్టోస్టెరోన్, ఈస్ట్రోజెన్ ప్రభావాల తూకాన్ని బట్టి వేళ్ల నిష్పత్తి మారుతుందని చూపించారు. అంటే తేడా వట్టిది కాదు, దానికి శరీరంలో కారణం వుంది. కాకపోతే కారణం వున్న తేడా అంతా గుర్తింపుకు పనికొచ్చే తేడా కానక్కరలేదు.

మన దేశంలో ఫోరెన్సిక్ పనికి దీన్ని వాడవచ్చని చెప్పిన అధ్యయనాల్లో మంగళూరులో తనుజ్ కాంచన్, ప్రదీప్ కుమార్, రితేష్ మెనెజెస్ చేసింది ముఖ్యమైనది. అది 2008లో అచ్చయింది. దక్షిణ భారతీయుల చేతులను కొలిచి వాళ్లు గీసిన గీత 0.97. నిష్పత్తి 0.97 గానీ అంతకు తక్కువ గానీ వుంటే మగ వైపు, ఎక్కువ వుంటే ఆడ వైపు సూచన అన్నారు. 'సూచన' అన్న మాట మీద చూపు నిలపండి. పరిశోధకులు సూచన అన్నది స్టేషన్‌కు చేరేసరికి నిర్ధారణ అయిపోతుంది. కోర్టుకు చేరేసరికి 'సైన్సు చెప్పింది' అయిపోతుంది.

ఆ గీత ఎంత సన్నదో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక చేతికి చూపుడు వేలు 70 మిల్లీమీటర్లు, ఉంగరపు వేలు 72 మిల్లీమీటర్లు అనుకుందాం. భాగిస్తే 0.972. గీత దాటింది కాబట్టి ఆడ. అదే చూపుడు వేలిని ఇంకొకరు 69.5గా కొలిస్తే 0.965 వస్తుంది. ఇప్పుడు మగ. తేడా అర మిల్లీమీటరు. ముడత ఎక్కడ మొదలైందన్న దాని మీద ఇద్దరికి ఆపాటి తేడా రావడం పెద్ద విశేషం కాదు. అందుకే ఒకే చేతిని రెండుసార్లన్నా కొలవాలని, వీలైతే ఇద్దరు వేరువేరుగా కొలవాలని పద్ధతి తెలిసినవాళ్లు పట్టుబడతారు.

కొలత తప్పకపోయినా అసలు చిక్కు వేరే వుంది. సగటుల మధ్య తేడా నిజమే, కానీ ఆడవాళ్ల నిష్పత్తులూ మగవాళ్ల నిష్పత్తులూ ఒకదాని మీద ఒకటి చాలా దూరం పరుచుకుని వుంటాయి. కూలిపనికి వచ్చిన ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఎత్తును బట్టి విడదీయమంటే కూడా తప్పులొస్తాయి కదా, ఎత్తైన ఆడమనిషీ పొట్టి మగవాడూ వుంటారు. వేళ్ల నిష్పత్తిలో తేడా ఎత్తులో వుండే తేడా కంటె చాలా చిన్నది. 2010లో హోనెకాప్, వాట్సన్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. కుడిచేతిలో తేడా ఎడమచేతి కంటె ఎక్కువ అని తేలింది. ఆ ఎక్కువ కూడా మనుషుల మధ్య మామూలుగా వుండే వ్యత్యాసంలో సగానికి కొంచెం తక్కువే. అంత తేడాతో ఎంత తెలివిగా గీత గీసినా 100 చేతుల్లో 60 చుట్టుపక్కల మాత్రమే సరిగ్గా చెప్పగలం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి. కొన్ని భారతీయ అధ్యయనాల్లో ఇంతకంటె మెరుగైన ఫలితాలు వచ్చిన మాట వాస్తవం. ఎవరి చేతులను చూసి గీత గీశారో వాళ్ల చేతుల మీదే పరీక్షిస్తే ఫలితం కాస్త బాగానే వస్తుంది. కొత్త చేతుల మీద ఎట్లా వస్తుందన్నదే పరీక్ష.

నిష్పత్తి కంటె వేళ్ల పొడవునే చూడటం, చేతి పొడవు, అరచేతి వెడల్పు చూడటం మెరుగని చాలామంది పరిశోధకులు చెబుతున్నారు. మగవాళ్ల చేతులు సగటున పెద్దవి కాబట్టి ఆ కొలతల్లో తేడా ఎక్కువ. నిజమే. అయితే ఇక్కడే మాలాంటి వాళ్లకు ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరి చేతి కంటె పెద్దది?

ఇట్లాంటి అధ్యయనాల్లో కొలత ఇచ్చిన చేతులు తరచుగా మెడికల్ కాలేజీ విద్యార్థులవి. దగ్గర్లో వుంటారు, అడిగితే ఒప్పుకుంటారు, వయసు తెలుసు. పరిశోధకుల ఇబ్బంది మాకు అర్థమవుతుంది. కానీ ఆ విద్యార్థులు ఎక్కువమంది తిండికి లోటు లేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఎముక ఎదుగుదల చిన్నప్పటి తిండి మీద ఆధారపడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశం మొత్తం మీద 38 శాతం, షెడ్యూల్డు కులాల్లో 43 శాతం, షెడ్యూల్డు తెగల్లో 44 శాతం. ఎదగని పిల్లవాడు ఎదగని మగవాడు అవుతాడు, వాడి చెయ్యి చిన్నది అవుతుంది. హాస్టల్ మెస్సులో తిన్న కుర్రాళ్ల చేతులతో గీసిన గీత పక్కన వాడి చెయ్యి పెడితే అది 'ఆడ' వైపు పడే అవకాశం పెరుగుతుంది. తప్పు అందరి మీదా సమానంగా పడదు, ఆకలి ఎటు వుందో అటే ఎక్కువ పడుతుంది. దీన్ని కులానికో ఎముక, జాతికో ఎముక అని చదవకూడదు. రెండు తరాలు కడుపునిండా తింటే ఆ తేడా ఎంత మిగులుతుందో చూడాలి.

నిష్పత్తిలో ఈ గొడవ లేదు, చిన్న చెయ్యైనా పెద్ద చెయ్యైనా భాగిస్తే ఒకటేగా అని వాదించేవాళ్లున్నారు. ఆ నమ్మకం కూడా అంత గట్టిది కాదు. 2009లో చెక్ పరిశోధకులు క్రాటోచ్విల్, ఫ్లెగర్ చూపించిందేమంటే వేళ్లు పొడుగయ్యేకొద్దీ ఆ రెండు వేళ్లూ ఒకే పాళ్లలో పెరగవు, కాబట్టి ఆడా మగా నిష్పత్తుల్లో కనిపించే తేడాలో కొంత చేతి సైజు తేడాయే. ఇక దేశాన్ని బట్టి మారే తేడా ఆడా మగా తేడా కంటె పెద్దదని మానింగ్ మొదటి నుంచీ చెబుతూనే వున్నాడు. ఒక దేశంలో గీసిన గీతను ఇంకో దేశంలో వాడితే మొత్తం ఊరినే ఆడవాళ్లుగానో మగవాళ్లుగానో తేల్చే ప్రమాదం వుంది. కేరళ తీరంలో, కోరాపుట్ కొండల్లో, తెలంగాణ మెట్టలో బతికినవాళ్లందరికీ ఒకే 0.97 సరిపోతుందా అని కొలిచి చూస్తే గానీ చెప్పలేం.

పనిచేసిన చెయ్యి సంగతి పుస్తకాల్లో తక్కువ. వేలి మొదట్లో ముడత స్పష్టంగా కనబడాలన్నది ఈ కొలతకు ప్రాణం. గడ్డపార, పార, గొడ్డలి పట్టిన చేతిలో సరిగ్గా అక్కడే కాయలు కాస్తాయి. చర్మం మందమై ముడత ఎక్కడుందో పోల్చుకోలేని స్థితి వస్తుంది. కోతకూలీలు కుడిచేత్తో కొడవలి, ఎడమచేత్తో పైరు పడతారు, తెగేది ఎడమచేతి వేళ్లు. నూర్పిడి మిషన్లో, చెరుకు గానుగలో, రంపం మిల్లులో వేలి కొస పోయినవాళ్లు ఏ వాడలోనైనా ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. ఏళ్ల తరబడి ఒకే పట్టు పట్టిన వేళ్లు పూర్తిగా చాపుకోవు. కుష్ఠు వచ్చి నయమైనవాళ్లలో వేళ్లు కురచబడి వుండొచ్చు. పరిశోధనల్లో ఇట్లాంటి చేతులన్నిటినీ 'లోపం వున్నవి' అని మొదటే తీసి పక్కన పెడతారు. కొలత శుభ్రంగా రావాలంటే అది తప్పదు. కానీ తీసి పక్కన పెట్టిన చేతులే గుర్తు తెలియని శవాలకు వుంటాయన్నది మరిచిపోకూడదు. బొటనవేలు ఇచ్చుకున్న ఏకలవ్యుడి చెయ్యి ఏ అధ్యయనంలోనూ చేరదు.

పైగా ఇవన్నీ బతికున్న చేతుల కొలతలు. నీళ్లలో నానిన చేతికి చర్మం తెల్లబడి ముడతలు పడుతుంది, కొన్ని రోజులకు చేతి తొడుగు ఊడినట్టు మొత్తం ఊడి వస్తుంది. మొదటి దశకు ఫోరెన్సిక్ పుస్తకాల్లో వున్న పేరు 'చాకలామె చెయ్యి'. బతికినన్నాళ్లూ నీళ్లలో నానిన ఒక కులం ఆడవాళ్ల చెయ్యి, శవానికి గుర్తుగా పాఠ్యపుస్తకం ఎక్కింది. కుళ్లి ఉబ్బిన వేలికి పొడవు మారుతుంది, ఎండలో ఎండిన వేలికి ఇంకోరకంగా మారుతుంది. చర్మం పోయి ఎముకలే మిగిలితే చర్మం మీద గీసిన గీత అసలు పనికిరాదు. కణుపుల ఎముకలకు వేరే కొలతలు, వేరే సూత్రాలు కావాలి. ఇక మార్చురీలో ఆ చేతిని నిజంగా పట్టుకునేది ఎవరు? చాలా ఆస్పత్రుల్లో శవాన్ని కోసేదీ, కడిగేదీ, కుట్టేదీ దళిత కులాల నుంచి వచ్చిన చిన్న ఉద్యోగులే. డాక్టరు పక్కన నిలబడి రాసుకుంటాడు. వేలిని చాపి పట్టుకున్నవాడికి క్యాలిపర్ చదవడం నేర్పినవాళ్లు లేరు, రిపోర్టులో అతని పేరు వుండదు.

కొలతల చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ క్యాలిపర్ మనవాళ్లకు కొత్త కాదు. పారిస్ పోలీసు శాఖలో గుమస్తాగా చేరిన అల్ఫాన్స్ బెర్టిలాన్ 1880ల మొదట్లో నేరస్థుల శరీరాలను 11 కొలతలతో నమోదు చేసే పద్ధతి పెట్టాడు. అందులో ఎడమచేతి నడిమి వేలి పొడవు ఒకటి. 1890ల్లో బెంగాల్ పోలీసులు ఆ పద్ధతి తెచ్చుకున్నారు. కొలిచేవాడిని బట్టి కొలత మారుతోందని అక్కడే తేలింది. దాంతో 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గీకరించే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది, లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. వేలి పొడవు ఓడిపోయి వేలిముద్ర గెలవడానికి కారణం ఇక్కడ గమనించాలి. ముద్ర ఒక మనిషిని చూపిస్తుంది, పొడవు ఒక గుంపును చూపిస్తుంది.

గుంపులను చూపించడమే కావలసినవాళ్లు మాత్రం కొలత వదల్లేదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్ ముక్కులూ తలలూ కొలుచుకుంటూ ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు. పోలీసులకు కూడా ఆ కొలతల పాఠాలు చెప్పాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసుకు వచ్చింది. రిజిస్టరులో పేరెక్కిన వాళ్ల వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకునే అధికారం అందులో వుంది. ఎరుకల వాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టింది ఆ చట్టం కిందనే. 1952లో గానీ అది పోలేదు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం 1920 నాటి పాత చట్టం స్థానంలో నిలబడి 'కొలతలు' అనే మాట అర్థాన్ని వేలిముద్రల నుంచి కనుపాప దాకా, రక్తం దాకా పెంచింది. ఆ రికార్డులు 75 ఏళ్లు దాచిపెట్టుకోవచ్చునంది. బతికున్న పేదవాడి చెయ్యిని కొలవడానికి చట్టాలు ఇన్ని వున్నాయి. చచ్చిపోయిన పేదవాడి చెయ్యిని జాగ్రత్తగా కొలవడానికి మాత్రం మనం అడగాల్సి వస్తోంది.

అయితే కొలత అనేదే మనకు శత్రువని మేం అనడం లేదు. ముక్కు వెడల్పును బట్టి కులం హోదా చెప్పవచ్చని రిజ్లీ అంటే, అంబేద్కర్ ఆ అంకెలను పారేయలేదు. 1948లో వచ్చిన అంటరానివారి గ్రంథంలో ఆ ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరు జాతులు కాదని చూపించాడు. ఆ అంకెల మీద మనం చేయాల్సిన పని అదే రకం పని.

ఆడా మగా అనే రెండు గళ్లలో అందరూ పట్టరన్నది ఇంకో సంగతి. చీర కట్టిన శవానికి మగ ఎముకలుంటే రిపోర్టులో 'మగ' అని పడుతుంది. తప్పిపోయిన హిజ్రా కోసం తోటివాళ్లు ఆడపేరుతో వెతుకుతుంటే ఆ కాగితం వాళ్లకు ఎప్పటికీ చేరదు. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడో జెండర్‌ను గుర్తించింది. శవపంచనామాలో దొరికిన బట్టలు, నగలు, జుట్టు, పచ్చబొట్లు ఎముకల నిర్ధారణతో సమానంగా రాస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తమిళనాడులో పుదుక్కోట జిల్లా దళిత కుటుంబం నుంచి వచ్చిన శాంతి సౌందరరాజన్‌కు 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం వచ్చింది, లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఆమె బతికున్న మనిషి, ఆమె మాటే చెల్లలేదు. మాట్లాడలేని చెయ్యి విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి?

శవం మీద సాక్ష్యం ఎంత కీలకమో మనకు చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ వదిలిపెట్టింది. ఎప్పుడు చనిపోయారో, ఎక్కడ చనిపోయారో ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అక్కడ ఆడా మగా ప్రశ్న లేదు. కానీ సంచిలోంచి తీసిన దేహం గురించి మొదటి రెండు రోజుల్లో ఏం రాశారన్న దాని మీద, ఇరవై ఏళ్ల తర్వాత ఏం నిలబడుతుందన్నది ఆధారపడుతుంది.

కాబట్టి ఎక్కడైనా శవం ముక్కలు దొరికాయని తెలిసి వెళ్లిన కార్యకర్త ఏం అడగాలి? శవపంచనామా ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతుంది, పాత 174 అన్నమాట. అందులో చెయ్యి కుడిదా ఎడమదా, ఏ స్థితిలో వుందో రాశారా అని చూడాలి. ఆడ, మగ అని రాసి వుంటే దేన్ని బట్టి రాశారని అడగాలి. వేళ్ల కొలతను బట్టి అయితే ఎన్నిసార్లు కొలిచారు, దేనితో కొలిచారు, ఎవరి మీద చేసిన అధ్యయనంలోని గీత వాడారు, ఆ గీత 100కి ఎన్నిసార్లు తప్పుతుంది అన్నవి రిపోర్టులో వుండాలి. 'మగ కావచ్చు' అన్నదానికీ 'మగ' అన్నదానికీ చాలా తేడా వుంది, ఆ 'కావచ్చు'ను ఎవరూ కొట్టేయకుండా చూడాలి. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ ప్రకారం నిపుణుడు కోర్టుకు చెప్పేది అభిప్రాయం. అభిప్రాయానికి కారణాలు అడగవచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ బాధితులకూ వాళ్ల మీద ఆధారపడిన వాళ్లకూ విచారణలో తమ మాట వినిపించే హక్కు ఇచ్చింది. అన్నిటికంటె ముఖ్యం, ఎముక ముక్క గానీ దంతం గానీ డి.ఎన్.ఎ. పరీక్షకు దాచకుండా శవాన్ని పూడ్చనీయకూడదు, కాల్చనీయకూడదు. కాల్చేస్తే ఏ గీతా మిగలదు.

డి.ఎన్.ఎ.తో ఆడా మగా చూడటానికి ఎమెలోజెనిన్ అనే జన్యువును వాడతారు. ఎక్స్ క్రోమోజోము మీదొకటి, వై మీదొకటి వుంటాయి, రెండూ కనబడితే మగ. వేలి పొడవు కంటె ఇది ఎంతో నమ్మదగినది. అయినా 2002లో హైదరాబాదు సి.సి.ఎం.బి.లో తంగరాజ్, అలా రెడ్డి, లాల్జీ సింగ్ 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే ఐదుగురిలో వై మీది జన్యువు కనబడలేదు. ఒక్క ఆ పరీక్షే చేసివుంటే ఆ ఐదుగురూ ఆడవాళ్ల లెక్కలో పడేవాళ్లు. అందుకని వై క్రోమోజోము మీదున్న ఇంకో గుర్తును కూడా చూడాలని వాళ్లు రాశారు. లేబరేటరీకి పంపే లేఖలో ఆ రెండో పరీక్ష కూడా చేయమని పేరు పెట్టి అడగవచ్చు.